ఎర్ర గుర్తులు, బ్యాంకు అంకె: ఇంగ్లండులో పాత ఇల్లు కొనేటప్పుడు

ఇంగ్లండులో ఇంటికి బేరం కుదిరిన తరువాత, ఒప్పందాల మార్పిడి (ఇరుపక్షాలూ ఇక వెనక్కి తగ్గలేని ఘట్టం) జరిగేలోగా, ఆ ఇంటిని ఇద్దరు మనుషులు వేర్వేరు ప్రశ్నలతో చూసి వెళతారు. మొదటివారు బ్యాంకు తరఫున వచ్చే వాల్యుయర్. కొన్నవాడు రేపు వాయిదాలు కట్టలేకపోతే ఈ ఇంటిని అమ్మి అప్పు రాబట్టుకోవచ్చా, అమ్మితే ఎంత వస్తుంది అన్నదే ఆయన తేల్చవలసిన విషయం. రెండవవారు మనం సొంత డబ్బు పెట్టి పిలిపించుకునే సర్వేయర్. పైకప్పు, గోడలు, నేల, మురుగు గొట్టాలు ఏ స్థితిలో ఉన్నాయో, వాటిలో దేనికి ఎప్పుడు మరమ్మతు కావాలో ఆయన చెబుతారు. మొదటి నివేదిక బ్యాంకుకు చెందినది, రెండవది మనది. రెడింగ్ పట్టణంలో విక్టోరియా కాలపు ఇటుక ఇల్లు ఒకటి కొన్నప్పుడు ఈ రెండు నివేదికలతోనూ నేను కుస్తీ పట్టవలసి వచ్చింది. ఇక్కడ కొత్తగా ఇళ్లు వెతుకుతున్న మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు కూడా వాటి గురించే కాబట్టి, నాకు తెలిసినంత వరకు వివరంగా రాస్తున్నాను.

మన ఊళ్లలో స్థలమో ఫ్లాటో కొనేటప్పుడు భయమంతా కాగితాల మీదే ఉంటుంది. లింకు డాక్యుమెంట్లు సరిగా ఉన్నాయా, ఈసీలో ఏమైనా తేలిందా, వారసులెవరైనా కోర్టుకు వెళ్లారా అని అడుగుతాం. బ్యాంకు వకీలు ఆ కాగితాలన్నీ చదివి లోను మంజూరు చేయిస్తే చాలు, అదొక భరోసాగా భావిస్తాం. హైదరాబాదులోనూ విజయవాడలోనూ బిల్డర్లు తమ ప్రకటనలలో ఫలానా బ్యాంకుల ఆమోదం ఉందని పెద్ద అక్షరాలతో వేసుకునేది అందుకే. నేను ఇల్లు కొంటున్నానని చెప్పినప్పుడు మా నాన్నగారు మొదట అడిగింది కూడా లింకు డాక్యుమెంట్ల గురించే. ఇంగ్లండులో ఆ బెంగ చాలా వరకు లేదు. యాజమాన్యం సాధారణంగా ప్రభుత్వ ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదై ఉంటుంది, మిగిలిన చిక్కులను సొలిసిటర్, అంటే ఆస్తి కాగితాల పని చూసే వకీలు, చూసుకుంటారు. ఇక్కడ దడిపించేది గోడ. నూట ముప్పై ఏళ్ల నాటి ఇటుక, దాని మీద నాలుగు తరాల యజమానులు తమకు తోచినట్లు చేసిన మార్పులు, వాటిలో సగానికి కాగితమన్నదే లేకపోవడం అసలు సమస్య. అందువల్ల "బ్యాంకు లోను ఇచ్చింది కాబట్టి ఇల్లు బాగున్నట్లే" అన్న మన అలవాటు తర్కం ఇక్కడికి తెచ్చుకుంటే నష్టపోతాం.

బ్యాంకు వాల్యుయేషన్ ఎలా జరుగుతుందో తెలిస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. చాలా సందర్భాలలో ఎవరూ ఇంటికి రారు. పాత అమ్మకాల వివరాలను పోగుచేసిన కంప్యూటర్ నమూనా ఒక అంకె చెబుతుంది, లేదా వాల్యుయర్ తన బల్ల దగ్గరే కూర్చుని, ఆ వీధిలో ఈ మధ్య అమ్ముడైన ఇళ్ల ధరలు, ఫొటోలు చూసి ధర నిర్ణయిస్తారు. మనిషి వచ్చినా కొద్దిసేపట్లోనే గదులన్నీ తిరిగి చూసి వెళ్లిపోతారు. అటకలోకి తల పెట్టి చూడడం, తేమ కొలవడం ఆయన పని కాకపోవచ్చు. ఆ నివేదిక ప్రతి కూడా మనకు అందుతుందన్న హామీ లేదు. బ్యాంకు ఎంత విలువ కట్టిందో, ఎంత అప్పు ఇస్తుందో మాత్రమే తెలుస్తుంది. రుసుము మన దగ్గర తీసుకున్నా, ఉచితమని చెప్పినా, ఆ వాల్యుయర్ జవాబుదారీ బ్యాంకుకే.

చట్టం దీనికి ఒక మినహాయింపు ఇచ్చింది. స్మిత్ వర్సెస్ ఎరిక్ ఎస్. బుష్ కేసులో, అప్పట్లో దేశపు అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ 1989లో తీర్పు చెప్పింది. నార్విచ్ పట్టణంలో ఒక సాధారణ ఇంటిని బిల్డింగ్ సొసైటీ (ఇళ్లకు అప్పులిచ్చే సంస్థ) తరఫున చూసిన సర్వేయర్, పెద్ద మరమ్మతులేవీ అక్కర్లేదని రాశారు. కింది పొగగొట్టపు దిమ్మలను, అంటే గదిలోకి పొడుచుకువచ్చే ఇటుక కట్టడాన్ని, ఎవరో తొలగించినట్లు ఆయన గమనించారు గాని, వాటి పైభాగానికి ఆధారం ఉందో లేదో చూడలేదు. ఆ నివేదికను నమ్మి ఇల్లు కొన్న కొంతకాలానికి పైనున్న ఇటుకలు కూలి, అటకను దాటి కింది గదిలో పడ్డాయి. సాధారణ కొనుగోలుదారులు ఆ నివేదిక మీదే ఆధారపడతారని వాల్యుయర్‌కు తెలుసు కాబట్టి ఆయనకు వారి పట్ల కూడా బాధ్యత ఉందనీ, బాధ్యత లేదని రాసుకున్న వాక్యం చెల్లదనీ న్యాయమూర్తులు తేల్చారు. అయితే ఈ రక్షణ సొంతంగా కాపురముండడానికి మామూలు ఇల్లు కొనేవారికే. అద్దెకిచ్చేందుకు కొన్న వ్యక్తికి ఇది వర్తించదని 2011లో అప్పీలు కోర్టు మరో కేసులో చెప్పింది. పెట్టుబడి కోసం రెండో ఇల్లు కొనే మనవాళ్లు ఇక్కడ తక్కువేమీ లేరు కనుక ఆ తేడాను గుర్తుంచుకోవాలి. ఏమైనా, ఇల్లు కూలాక గెలిచే దావా కన్నా కొనకముందు చేయించుకునే సర్వే చవక.

సర్వేలను ఆర్‌ఐసీఎస్ అనే సర్వేయర్ల సంస్థ మూడు స్థాయిలుగా విభజించింది. మొదటి స్థాయి పైపైన చూసేది. రెండవది మామూలు నిర్మాణంతో, మంచి స్థితిలో ఉన్న ఇళ్లకు సరిపోతుంది. పాతవి, విస్తరించినవి, గోడలు తీసేసి మార్పులు చేసినవి అయితే మూడవ స్థాయి సర్వే తప్ప మరేదీ చేయించవద్దన్నది నా గట్టి అభిప్రాయం. రెండవ, మూడవ స్థాయిల రుసుముల మధ్య తేడా కొన్ని వందల పౌండ్లు. ఇంటి ధరతో పోల్చుకుంటే అదొక లెక్క కాదు. మూడవ స్థాయిలో సాధారణంగా ధర అంచనా ఉండదు, కావాలంటే విడిగా అడగాలి. ఏ స్థాయిలోనైనా సర్వేయర్ బిగించిన తివాచీలు ఎత్తరు, బరువైన బీరువాలు జరపరు, కరెంటునూ గ్యాసునూ పరీక్షించరు, కంటికి కనిపించినదే రాస్తారు.

నివేదికలో ఇంటి ప్రతి భాగానికీ ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి, పచ్చ, పసుపు, ఎరుపు రంగులు అద్దుతారు. పాత ఇంటి నివేదికను మొదటిసారి చదివినవారికి గుండె జారిపోవడం సహజం. ఎరుపు అంటే పెద్ద లోపమని మాత్రమే అర్థం కాదు, వెంటనే మరమ్మతో మార్పిడో పరిశీలనో కావాలన్నా అదే రంగు పడుతుంది. వైరింగ్ పరీక్ష పత్రం కనిపించకపోతే ఎరుపు, మురుగు గొట్టంలోకి కెమెరా పంపి చూడలేదు కాబట్టి ఎరుపు. సర్వేయర్ రేపు తన మీద దావా పడకుండా కూడా రాసుకుంటారన్నది మరచిపోకూడదు. అందుకే ఆ పత్రాన్ని తీర్పుగా కాక, ఒప్పందాల మార్పిడిలోగా జవాబులు రాబట్టవలసిన ప్రశ్నల పట్టికగా చదవాలి. నేను చదివేటప్పుడు ఎర్ర గుర్తులను రెండుగా విడదీశాను: డబ్బు పెడితే తీరిపోయేవి ఒకవైపు, ఎంత పెట్టాలో ఇంకా ఎవరికీ తెలియనివి మరోవైపు. బేరాన్ని నిలిపి ఉంచవలసింది రెండో రకం కోసమే.

మరో మాట. నివేదిక అందగానే సర్వేయర్‌కు ఫోన్ చేయాలి. కాగితం మీద ఆచితూచి రాసిన మనిషే ఫోనులో చాలా సూటిగా మాట్లాడతారు. "మీరే కొనేవారైతే ఏది ముందు చూస్తారు?" అని అడిగితే, డెబ్బై పేజీలలో దొరకని ప్రాధాన్యక్రమం పది నిమిషాల్లో దొరుకుతుంది. మా సర్వేయర్ తడుముకోకుండా రెండు విషయాలు చెప్పారు: వెనుక పడకగది పైన ఉన్న పొగగొట్టం, ముందు గదిలోని చెమ్మ.

చెమ్మ సంగతి ముందుగా చెబుతాను, ఎందుకంటే పాత ఇళ్ల నివేదికల్లో ఇది లేని నివేదిక అరుదు. సర్వేయర్ చేతిలోని మీటరుకు రెండు సూదులుంటాయి. వాటి మధ్య కరెంటు ఎంత సులువుగా పారుతుందో అది కొలుస్తుంది. ఆ మీటరును చెక్కలోని తేమ కొలిచేందుకు సరిదిద్దారు. గోడ గారలో లవణాలున్నా, గోడ కాగితం వెనుక లోహపు పొర ఉన్నా అది ఎక్కువే చూపిస్తుంది. అంటే మీటరు కూత పెట్టిందంటే అక్కడ చూడవలసింది ఏదో ఉందని గాని, నేలలోంచి నీరు పైకి పాకుతోందని కాదు. నిజమైన కారణం తరచుగా ఇంటి బయట ఉంటుంది. పగిలిన వాననీటి గొట్టం, మూసుకుపోయిన గాలి ఇటుకలు (నేల కిందికి గాలి పోనిచ్చే రంధ్రాల ఇటుకలు), లేదా ఎవరో ముచ్చటపడి ఎత్తుగా పోయించిన పెరటి గచ్చు. గోడలో నీరు ఎక్కకుండా వేసిన పొర కన్నా బయటి నేల కనీసం 150 మిల్లీమీటర్లు కిందికి ఉండాలని ఇక్కడి నియమం. మా ముందు గది కిటికీ కింద ఆ దూరం అసలు లేదు. దానికి తోడు, సున్నంతో కట్టిన గోడకు బయట సిమెంటు పాయింటింగ్ చేశారు, అంటే ఇటుకల మధ్య అతుకులను సిమెంటుతో పూడ్చారు. ఇటుకలోకి దిగిన నీరు సున్నపు అతుకుల ద్వారా బయటికి ఆరిపోవలసింది, దారి లేక లోపలికి వస్తోంది.

నివేదికలో "చెమ్మ నిపుణుల చేత పరిశీలింపజేయండి" అని రాసి ఉంటుంది. ఇక్కడొక చిన్న వల ఉంది. ఉచితంగా వచ్చి చూస్తామనే సంస్థలు సాధారణంగా గోడకు రంధ్రాలు చేసి రసాయనం ఎక్కించే పనిని అమ్ముకునేవే. వారి నివేదిక ఆ పనితోనే ముగుస్తుంది, అందులో ఆశ్చర్యమేమీ లేదు. ఏ మరమ్మతూ అమ్మని స్వతంత్ర సర్వేయర్‌కు రుసుమిచ్చి చూపించుకోవడం మేలు. మా విషయంలో గచ్చు తగ్గించి, గొట్టం మార్చి, సిమెంటు గీకి సున్నం పెట్టడం చాలునని తేలింది. ఉచిత సంస్థ చెప్పిన అంచనాలో మూడో వంతుకే ఆ పని పూర్తయింది. అయితే ఒక్కటి మాత్రం తప్పక చూడాలి. చెమ్మ చాలాకాలం ఉంటే చెక్క నేల కింది దూలాల కొనలు గోడలో పుచ్చిపోయి ఉండవచ్చు. పలకలు ఎత్తనిదే అది తెలియదు, పలకలు ఎత్తడానికి అమ్మేవారి అనుమతి కావాలి.

పొగగొట్టం కథ దీనికన్నా పెద్దది. ఈ పాత ఇళ్లలో ప్రతి గదికీ ఒక నిప్పుగూడు, దాని వెనుక గదిలోకి పొడుచుకువచ్చిన ఇటుక దిమ్మ ఉండేవి. గది విశాలంగా కనిపించాలని చాలామంది ఆ దిమ్మను కొట్టించేశారు. కాని కప్పు మీద గొట్టం, అటకలోని ఇటుక కట్టడం అలాగే ఉండిపోయాయి. కింది ఆధారం తీసేసినప్పుడు పైనున్న బరువును ఉక్కు దూలం గాని, గోడకు బిగించిన ఇనుప బ్రాకెట్లు గాని మోయాలి. బ్రాకెట్లకు కూడా షరతులున్నాయి; గోడ మందం చాలాలి, ఆ గోడకు అవతల పొరుగింటివారి దిమ్మ ఇంకా ఉండాలి. మా ఇంటి అటకలో స్ట్రక్చరల్ ఇంజినీరు టార్చి వేసి చూస్తే దూలమూ లేదు, బ్రాకెట్లూ లేవు; ఆ ఇటుకల బరువంతా రెండు అటక కొయ్యల మీద కూర్చుని ఉంది. బ్యాంకు తన విలువ కట్టి, అప్పు మంజూరు చేసింది కూడా ఇదే ఇంటికి.

అమ్మేవారి సొలిసిటర్ వెంటనే ఒక పరిష్కారం పంపారు: ఇండెమ్నిటీ పాలసీ. భవన నియమాల ఆమోదం లేకుండా చేసిన పనికి రేపు కౌన్సిల్ (మన మునిసిపాలిటీ వంటి స్థానిక సంస్థ) చర్య తీసుకుంటే ఆ ఖర్చును ఈ బీమా భరిస్తుంది. ప్రీమియం తక్కువ, ఒకే రోజులో వస్తుంది, అందరి ఫైళ్లూ ముందుకు కదులుతాయి. కాని అది కౌన్సిల్ నోటీసుకు బీమా, పడిపోయే ఇటుకకు కాదు. పైగా ఆ పాలసీ కావాలంటే ఎవరూ కౌన్సిల్‌ను సంప్రదించి ఉండకూడదు. ముందే ఫోన్ చేసి వాకబు చేస్తే పాలసీ దొరకదు. కాబట్టి కౌన్సిల్‌కు ఫోన్ చేసే ముందు మీ సొలిసిటర్‌తో ఒక మాట చెప్పి, ఏ దారిన వెళ్లాలో నిర్ణయించుకోవాలి. కాగితం మాత్రమే లోపించి, పని నిజంగా బాగా జరిగినచోట, ఉదాహరణకు పాత కిటికీల మార్పిడి వంటివాటికి, ఈ పాలసీ చాలు. బరువు మోసే నిర్మాణం విషయంలో నేను దానికి ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్లుగా ఆ పొగగొట్టం నిలబడే ఉందని అమ్మేవారు ఏజెంటు ద్వారా చెప్పించారు. నిజమే, నార్విచ్‌లోనిది కూడా పడిన రోజు వరకు నిలబడే ఉంది.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. స్లేటు పలకల కోసం కట్టిన కప్పు మీద తరువాత బరువైన కాంక్రీటు పెంకులు వేసి ఉంటే, లోపలి కొయ్యలు కుంగాయేమో చూడాలి. గదుల లోకప్పులకు 1999కి ముందు పూసిన గరుకు పూతలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. కదిలించనంత వరకు ప్రమాదం తక్కువ. గోడ పగుళ్లను వెడల్పును బట్టి అంచనా వేస్తారు. ఒక మిల్లీమీటరు లోపువి రంగుతో పోతాయి, ఐదు మిల్లీమీటర్లు దాటినవి ఇంజినీరు చూడవలసినవి. ఇంట్లో వేడి నిలవడానికి అటకలో కొయ్యల మీద నురుగు చల్లించిన ఇల్లయితే, అప్పు ఇవ్వడానికే నిరాకరించే బ్యాంకులు చాలా ఉన్నాయి. నేల చరిత్రను కూడా అడగాలి. రెడింగ్‌లో పాత సుద్ద గనులున్నాయి. 2000లో ఫీల్డ్ రోడ్డు దగ్గర నేల కుంగి ఇళ్లు ఖాళీ చేయించవలసి వచ్చింది.

ఇక బేరం. "సర్వేలో సమస్యలున్నాయి, పది వేలు తగ్గించండి" అంటే ఎవరూ తగ్గించరు. ఇంజినీరు లేఖ, ఇద్దరు మేస్త్రీల అంచనాలు జతచేసి, ఫలానా పనికి ఫలానా ఖర్చు అని చూపితే మాట వింటారు. చూసి వెళ్లేటప్పుడే కంటికి కనిపించిన పాత వంటగదిని ఈ జాబితాలో కలపడం మర్యాద కాదు, ఫలితమూ ఉండదు. అమ్మేవారు తలవంచడానికి కారణం మన మీద దయ కాదు. తరువాత వచ్చే కొనుగోలుదారు సర్వేయర్ కూడా అదే అటక ఎక్కుతారు కదా. ఏజెంటుకు లోపం ఒకసారి తెలిశాక దానిని తరువాతివారి నుంచి దాచడం కూడా చట్టరీత్యా కష్టం.

ధర తగ్గడమంటే చేతికి డబ్బు రావడం కాదన్న లెక్కను చాలామంది ఆలస్యంగా గ్రహిస్తారు. పది శాతం సొంత డబ్బుతో కొంటున్నవారికి ధర 10,000 పౌండ్లు తగ్గితే, చేతిలో మిగిలేది 1,000 మాత్రమే. మిగతా 9,000 అప్పులో తగ్గుతుంది. మేస్త్రీకి మాత్రం 10,000 రొక్కంగా ఇవ్వాలి. అప్పు తగ్గించకుండా పాత మొత్తమే ఉంచుకుందామంటే ధరలో అప్పు శాతం పెరిగి, ఎక్కువ వడ్డీ పడే తరగతికి మారవచ్చు. పైగా ధర మారిందని బ్యాంకుకు తెలియజేయడం సొలిసిటర్ విధి. ఆయన మనకూ బ్యాంకుకూ ఇద్దరికీ పనిచేస్తున్నారు. కాగితం మీద పాత ధర ఉంచి, అమ్మేవారు వేరుగా ఆ సొమ్ము ఇచ్చేలా మాట్లాడుకోవడం కుదరదు, బ్యాంకుకు చెప్పకుండా చేస్తే అది మోసం. రిజిస్ట్రేషనులో ఒక ధర, చేతులు మారేది మరో ధర అన్న మన వైపు అలవాటును ఇక్కడ తలచుకోకపోవడమే మంచిది. అమ్మేవారి చేతనే పని చేయించుకోవచ్చు గాని, వెళ్లిపోయేవారు చేయించే పని ఎంత నాణ్యంగా ఉంటుందో ఊహించుకోవచ్చు. నేను ధర తగ్గింపునే ఎంచుకుని, కొన్న తరువాత పొగగొట్టం పని కోసం వేరే డబ్బు పక్కన పెట్టుకున్నాను. అది పొరుగింటితో ఉమ్మడి గోడ కనుక, 1996 నాటి పార్టీ వాల్ చట్టం ప్రకారం పనికి రెండు నెలల ముందే వారికి నోటీసు ఇవ్వవలసి వచ్చింది.

ఇంతకన్నా చేదైన సందర్భం, బ్యాంకు కట్టిన విలువ ఒప్పుకున్న ధర కన్నా తగ్గడం. నాలుగు లక్షల పౌండ్ల ఇంటికి తొంభై శాతం అప్పు అనుకున్నాం. మన వాటా 40,000. బ్యాంకు ఆ ఇంటికి 3,85,000 అని విలువ కట్టింది. బ్యాంకు ఈ రెండింటిలో తక్కువదానినే లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి ఇచ్చేది 3,46,500. మన వాటా ఒక్కసారిగా 53,500 అవుతుంది. అభ్యంతరం చెప్పుకోవచ్చు. అదే ప్రాంతంలో, అటువంటివే, ఈ మధ్యే అమ్ముడైన ఇళ్ల వివరాలు పంపాలి. ప్రకటనల్లో అడుగుతున్న ధరలు పనికిరావు. ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదైన అమ్మకపు ధరలే కావాలి, అవి అందరికీ అందుబాటులో ఉన్నాయి. నిజం చెప్పాలంటే ఈ విన్నపాలు నెగ్గడం అరుదు. మరో బ్యాంకుకు వెళ్లవచ్చు గాని, వాల్యుయేషన్ సంస్థలు కొన్నే కావడం వల్ల అదే సంస్థ మళ్లీ ఎదురుకావచ్చు. నా దృష్టిలో ముందుగా చేయవలసింది ఆ అంకెను అమ్మేవారికి చూపించడం. బ్యాంకు లెక్క మన పక్షాన అడగకుండానే వచ్చిన సాక్ష్యం, దానిని వృథా చేసుకోకూడదు.

స్కాట్లండులో పద్ధతి వేరు. 2008 డిసెంబరు నుంచి అక్కడ ఇల్లు అమ్మేవారే సర్వేతో, విలువతో కూడిన హోమ్ రిపోర్టును ముందుగా తయారుచేయించి కొనేవారికి చూపాలి. అది వినడానికి హాయిగా ఉంటుంది గాని, పోటీ ఎక్కువగా ఉన్న ఎడిన్‌బరో వంటి చోట రిపోర్టులోని విలువకు పైన పాడవలసి వస్తుంది, ఆ పై మొత్తానికి బ్యాంకు అప్పు ఇవ్వదు. అక్కడ కొనే మిత్రులు సొంత డబ్బును ఆ మేరకు లెక్కవేసుకోవాలి.

ఇంగ్లండులో ఒప్పందాల మార్పిడి జరిగే వరకు ఎవరైనా వెనక్కి తగ్గవచ్చు. అయిన తరువాత తగ్గితే సాధారణంగా పది శాతం డిపాజిట్ పోతుంది, మామూలు అమ్మకపు షరతుల ప్రకారం ఇంటి నష్టభయం కూడా ఆ క్షణం నుంచి కొనేవారిదే. అందువల్ల తాళాలు చేతికి రాకముందే, మార్పిడి రోజు నుంచే ఇంటి బీమా మొదలుకావాలి. బీమా దరఖాస్తులో పగుళ్లు, కుంగుబాటు, మరమ్మతులు జరగని లోపాల గురించి అడిగినప్పుడు, సర్వేలో చదివినదానికి భిన్నంగా జవాబిస్తే రేపు క్లెయిము నిరాకరించే అవకాశం వారికి ఇచ్చినట్లే. నేను నివేదికలోని సంబంధిత పేజీలను, ఇంజినీరు లేఖను బీమా సంస్థకు ఈమెయిల్ చేసి, పొగగొట్టం పని పూర్తయ్యే వరకు ఏ షరతు మీద బీమా ఇస్తారో రాతపూర్వకంగా తెప్పించుకున్న తరువాతే మార్పిడికి తేదీ ఖాయం చేయమని సొలిసిటర్‌కు చెప్పాను.